కదలని మోడల్ స్టీమ్ ఇంజన్‌ను నడిపించడం ఎలా? కోచ్‌లతో సహా పూర్తి మార్గదర్శి

“ఆదివారం ఎర్రగడ్డ సంతలో పాత స్టీమ్ ఇంజన్ మోడల్ ఒకటి దొరికింది. కరెంటు ఇస్తే ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోతోంది. మోటారు పోయినట్టేనా?” ఇలాంటి ప్రశ్నలు నాకు వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి, చివరికి అంతా ఒకచోట రాసేద్దామని కూర్చున్నాను.

చాలాసార్లు మోటారు పోయి ఉండదు. పట్టాల మీద మురికి, చక్రాల మీద నలుపు, గేర్లలో బంకలా గట్టిపడ్డ గ్రీజు, ఈ మూడింట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. మనం చేసే తప్పు ఏమిటంటే, ఇంటికి రాగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంజన్ విప్పేయడం. వెతుకులాట పట్టాల దగ్గర మొదలై పైకి రావాలి. మోటారు చివర్లో.

ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల డీసీ మోటారుతో నడిచే మోడళ్ల గురించి. నీళ్లు మరిగించి నిజం ఆవిరితో నడిచేవాటికి ఇది పనికిరాదు. ప్రెషర్ ఉన్న బాయిలర్‌ను చూసి చెప్పేవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోకండి.

ఇంకో మాట. మనం మామూలుగా రైలు పెట్టెనే బోగీ అంటాం. ఈ పనిలో మాత్రం బోగీ అంటే పెట్టె కింద చక్రాలు పట్టుకుని తిరిగే బండి. తికమక లేకుండా పెట్టెను కోచ్ అనే రాస్తాను.

1. ముందు స్కేలు తేల్చుకోండి

హెచ్‌ఓ అంటే అసలు దాంట్లో 87వ వంతు. ఓఓ అంటే 76వ వంతు. రెండూ 16.5 మి.మీ. వెడల్పు పట్టాల మీదే నడుస్తాయి కాబట్టి సంతలో రెండూ కలిసిపోయి దొరుకుతాయి. నడపడానికి ఇబ్బంది లేదు గానీ, ఓఓ ఇంజన్ వెనక హెచ్‌ఓ కోచ్ తగిలిస్తే అన్న వెనక తమ్ముడు నడిచినట్టు ఉంటుంది. ఎన్ స్కేలు 160వ వంతు, దాని పట్టా 9 మి.మీ. మొదటి రిపేరు దాని మీద నేర్చుకోవద్దు, కళ్లు పోతాయి.

మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. అంటే 16.5 పట్టా మీద మన పాత ప్యాసింజర్ స్టీమ్ ఇంజన్ డబ్ల్యూపీని పెడితే కింద కాస్త ఇరుకుగా కనబడుతుంది. కొందరు పట్టుబట్టి 19.3 పట్టాలు సొంతంగా వేసుకుంటారు. మొదటిసారి చేసేవాళ్లకు నేనైతే వద్దంటాను. చక్రాలు, పాయింట్లు (రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే చోట్లు), ఇరుసులు అన్నీ చేత్తో చేసుకోవాలి. రెండడుగుల దూరం నుంచి చూసేవాడికి ఆ తేడా తెలియదు.

తయారుగా ఉన్న ఇంజన్‌ను మన ఇంజన్‌లా మార్చాలంటే డ్రైవింగ్ చక్రం (ఇంజన్‌ను నడిపే పెద్ద చక్రం) కొలత చూసి కొనండి. డబ్ల్యూపీ చక్రం 1702 మి.మీ., హెచ్‌ఓలో సుమారు 19.5 మి.మీ. గూడ్స్ ఇంజన్ డబ్ల్యూజీ చక్రం 1562 మి.మీ., హెచ్‌ఓలో 18 మి.మీ. చక్రాల అమరిక (ముందు చిన్నవి, మధ్యలో డ్రైవింగ్ చక్రాలు, వెనక చిన్నవి) డబ్ల్యూపీకి 4-6-2, డబ్ల్యూజీకి 2-8-2. పైన బాడీ ఎలాగైనా మార్చుకోవచ్చు, చక్రాలు మార్చడం మాత్రం నరకం.

2. బల్ల మీద ఏముండాలి

మల్టీమీటర్, వైర్లు, ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. సన్న ఆకురాళ్లు, చిన్న డ్రిల్ బిట్లు, కాలిపర్ కోసం రాణిగంజ్ వెళ్లండి. పాత పనిముట్లు చవగ్గా కావాలంటే జుమ్మేరాత్ బజార్ ఉంది, కానీ అక్కడ కాలిపర్ కొంటే సున్నా దగ్గర సున్నా చూపిస్తోందో లేదో చూసుకోండి.

- గడియారం పనివాళ్లు వాడే చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు
- మల్టీమీటర్, వర్నియర్ కాలిపర్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్, పాత టూత్‌బ్రష్
- ప్లాస్టిక్‌ను పాడుచేయని సన్న నూనె, తెల్ల గ్రీజు
- ట్వీజర్స్, చెక్క టూత్‌పిక్‌లు
- 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్
- గ్రాములు చూపే వంటింటి త్రాసు
- తెల్ల టవల్, అంచున్న స్టీలు ప్లేటు, వారాల పేర్లున్న మాత్రల డబ్బా

మాత్రల డబ్బా స్క్రూల కోసం. మొదట విప్పినవి ఆదివారం గడిలో, తర్వాతవి సోమవారం గడిలో. బిగించేటప్పుడు శనివారం నుంచి వెనక్కి రావాలి.

పని మొదలుపెట్టే ముందు ఫ్యాన్ కట్టేయండి, ఎండాకాలమైనా సరే. మా ఇంట్లో మొజాయిక్ నేల. క్రాంక్ పిన్ (చక్రానికి కడ్డీని పట్టి ఉంచే పిన్ను) స్క్రూ ఒకటి ఎగిరి కింద పడితే ఆ చుక్కల మధ్య అదీ ఒక చుక్కై కూర్చుంది. రెండు రోజులు వెతికాను. తెల్ల టవల్ అప్పుడే వచ్చింది బల్ల మీదకి.

వాడకూడనివి కూడా చెప్పాలి. కొబ్బరినూనె వద్దు. 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది, డిసెంబరులో మన ఇళ్లలో సీసాలో చూస్తూనే ఉంటాం కదా. గేర్లలోనూ అదే జరుగుతుంది. థిన్నర్, అసిటోన్, పెట్రోలు ప్లాస్టిక్‌ను తినేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రేలు నూనెకు బదులు కావు. పట్టాలను ఎమెరీ పేపరుతో రుద్దకండి. తళతళలాడతాయి నిజమే, కానీ ఆ గీతల్లో మురికి మునుపటికంటే తొందరగా చేరుతుంది.

3. విప్పకుండా చేయాల్సిన పరీక్షలు

ఈ వరుస తప్పకండి.

మొదటిది, పట్టాల మీద వోల్టేజీ. కంట్రోలర్ (పట్టాలకు కరెంటు ఇచ్చే డబ్బా) దగ్గర కాదు, పట్టాల మీదే, కంట్రోలర్‌కు దగ్గరి చివరా దూరపు చివరా కొలవండి. రెండో చోట బాగా తగ్గితే పట్టాలను కలిపే జాయినర్లు వదులయ్యాయని అర్థం. వాటిని పట్టకారుతో కొంచెం నొక్కితే చాలు.

రెండోది, ఒక మీటరు పట్టాను ఐసోప్రొపైల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. గుడ్డ నల్లబడడం ఆగేదాకా.

మూడోది, చక్రాలు. టిష్యూ పేపరు తడిపి పట్టాలకు అడ్డంగా పరవండి. ఇంజన్ డ్రైవింగ్ చక్రాలు టిష్యూ మీద, టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు పెట్టె) చక్రాలు ఖాళీ పట్టా మీద ఉండేలా పట్టుకుని కరెంటు ఇవ్వండి. కరెంటు టెండర్ నుంచి అందితే డ్రైవింగ్ చక్రాలు టిష్యూ మీద తిరిగి తమను తామే తుడుచుకుంటాయి. తిరగకపోతే బడ్స్‌తో ఒక్కో చక్రం తుడవడమే.

నాలుగోది, ఇంజన్‌ను టవల్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు వైర్లను రెండు వైపులా డ్రైవింగ్ చక్రాలకు ఆనించండి. ఇక్కడ తిరిగి పట్టాల మీద తిరగకపోతే తప్పు మోటారుది కాదు, కరెంటు అందడంలో ఉంది. అసలు తిరగకపోయినా వెంటనే దిగాలు పడొద్దు. కొన్ని ఇంజన్లు ఒక పట్టా కరెంటును ఇంజన్ చక్రాలతో, రెండో పట్టా కరెంటును టెండర్ చక్రాలతో తీసుకుంటాయి. అలాంటప్పుడు ఒక వైరు ఇంజన్‌కు, ఇంకోటి టెండర్‌కు పెట్టి చూడాలి. రెండింటినీ కలిపే డ్రాబార్‌కు నల్లటి పొర పట్టిందంటే అక్కడే కరెంటు ఆగిపోతుంది.

చెవి కూడా పెట్టండి. కరెంటు ఇస్తే ‘ఊ’ అని మూలిగి కదలకపోతే ఏదో పట్టేసింది, వెంటనే కరెంటు తీసేయండి, లేకపోతే నిజంగానే మోటారు కాలుతుంది. అసలు చప్పుడే లేకపోతే దారిలో ఎక్కడో తెగింది.

కొందరు ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి నేరుగా పట్టాలకు వైర్లు లాగుతున్నారు. 12 వోల్టులే కదా అని. దయచేసి వద్దు. షార్ట్ అయితే ఆ బ్యాటరీ వదిలే కరెంటుకు వైరు ఎర్రగా కాలుతుంది, ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. 1 ఆంపియర్ దగ్గర తనంతట తానే ఆగిపోయే కంట్రోలర్ వాడండి.

4. విప్పడం

ఇక్కడిదాకా వచ్చాకే స్క్రూడ్రైవర్. ప్రతి స్క్రూకు ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో. ముఖ్యంగా చక్రాలను కలిపే కడ్డీలు, వాటితో కదిలే సన్న కడ్డీల వాల్వ్ గేరు రెండు వైపులా ఎలా ఉన్నాయో దగ్గరగా తీసి పెట్టుకోండి. అప్పుడు గుర్తుంటుందిలే అనిపిస్తుంది. ఉండదు.

బాడీని పట్టి ఉంచే స్క్రూ తరచుగా పొగగొట్టం కిందో, ముందు చిన్న చక్రాల బండి వెనకో ఉంటుంది. వెనక క్యాబ్ దగ్గర గూట్లో కూర్చునే కొక్కేలు ఉంటాయి. స్క్రూలన్నీ తీశాకా రాకపోతే ఇంకో స్క్రూ దాక్కుని ఉందని అర్థం. లాగకండి. వచ్చినప్పుడు కూడా ఒక్కసారిగా ఎత్తకండి, హెడ్‌లైటు వైరు తెగుతుంది.

5. గేర్లు, మోటారు

పాత గ్రీజు తేనె రంగు మైనంలా ఉంటే అదే మీ దొంగ. టూత్‌పిక్‌తో గీకండి, బ్రష్షుతో ఐసోప్రొపైల్ రాసి పూర్తిగా కడగండి. మోటారును గేర్ల నుంచి విడదీసి చక్రాలను వేలితో తిప్పి చూడండి. స్వేచ్ఛగా తిరగాలి.

మోటారును విడిగా 9 వోల్టుల బ్యాటరీతో పరీక్షించండి. తిరిగితే సంతోషం. తిరగకపోతే మల్టీమీటర్‌తో రెండు కొసల మధ్య రెసిస్టెన్స్ చూడండి. కొన్ని ఓంల నుంచి కొన్ని పదుల ఓంల దాకా ఉండాలి, షాఫ్టు తిప్పుతుంటే కొంచెం మారుతూ ఉండాలి. ఎక్కడ తిప్పినా అంతులేని విలువే చూపిస్తే మోటారులోని కార్బన్ బ్రష్షులు అరిగాయో ఇరుక్కున్నాయో చూడాలి. దాదాపు సున్నా ఉంటే వైండింగ్ లోపల షార్ట్.

కమ్యుటేటర్ (మోటారు షాఫ్టు మీద బ్రష్షులు ఆనే భాగం) రాగి ముక్కలను ఆల్కహాల్‌తో తుడిచి, ముక్కల మధ్య సందుల్లో చేరిన కార్బన్ పొడిని టూత్‌పిక్‌తో తీసేయండి. ఆ సందు పూడుకుపోతే మోటారు వేడెక్కుతుంది, శక్తి ఉండదు.

పాతకాలపు తెరిచి ఉన్న మోటారులో అయస్కాంతాన్ని మాత్రం బయటికి తీయకండి. అల్నికో అయస్కాంతాల మధ్య నుంచి ఇనుము తీసేస్తే బలం తగ్గిపోతుంది. తిరిగి పెట్టినా మునుపటి లాగుడు రాదు.

నూనె: ఇరుసు ఆనే ప్రతిచోటా టూత్‌పిక్ మొనతో ఒక చిన్న బొట్టు. వర్మ్ గేరుకు (మోటారు షాఫ్టు మీది స్క్రూలాంటి గేరు) కంది గింజ కంటే తక్కువ గ్రీజు. ఎక్కువ వేస్తే మంచిదనుకోవద్దు. ఎగిరి కమ్యుటేటర్ మీద పడుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

చక్రం చుట్టు తిరిగిన ప్రతిసారీ ‘టిక్’ అనే చప్పుడు వస్తే, ఇరుసు మీది నైలాన్ గేరు చీలి ఉంటుంది. భూతద్దంలో చూస్తే వెంట్రుక వాసి గీత కనబడుతుంది. అతికిస్తే నిలవదు, మార్చాల్సిందే.

6. కడ్డీలు, క్వార్టరింగ్: ఎక్కువ మంది ఓడిపోయే చోటు

స్టీమ్ ఇంజన్‌ను డీజిల్ మోడల్ నుంచి వేరుచేసే కష్టం ఇదే. డ్రైవింగ్ చక్రాలన్నిటినీ కలిపే పక్క కడ్డీలు రెండు వైపులా ఉంటాయి. ఒకవైపు క్రాంక్ పిన్ కింద ఉన్నప్పుడు రెండోవైపు పిన్ ముందుకో వెనక్కో, అంటే 90 డిగ్రీల తేడాతో ఉండాలి. దాన్నే క్వార్టరింగ్ అంటారు. ఒక్క చక్రం ఇరుసు మీద కొద్దిగా జారినా కడ్డీ పట్టేస్తుంది, ఇంజన్ కుంటుతుంది.

మోడల్లో ఖచ్చితంగా 90 డిగ్రీలే ఉండడం అంత ముఖ్యం కాదు. అన్ని ఇరుసులకూ ఒకే కోణం ఉండాలి, అదీ అసలు సంగతి. 88 అయితే అన్నీ 88. చాలామంది ఇది పట్టుకోక ఒక్కో చక్రాన్నీ మూలమట్టంతో కుస్తీ పట్టిస్తారు.

వరుస ఇలా:

అ. మోటారు గేరు విడదీసి, కడ్డీలు ఉంచి, ఇంజన్‌ను అద్దం పలక మీద వేలితో మెల్లగా తోయండి. ఎక్కడ బిగుస్తోందో చక్రం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

ఆ. ఇప్పుడు కడ్డీలు తీసేసి తోయండి. ఇంకా బిగుస్తుంటే తప్పు కడ్డీది కాదు. ఇరుసు వంకరో, బేరింగ్ మురికో.

ఇ. కడ్డీలు తీస్తే హాయిగా తిరిగిందంటే, ఒకవైపు పిన్నులన్నీ సరిగ్గా కిందికి తెచ్చి, రెండోవైపు పిన్నులు అన్నీ ఒకే దిక్కు చూస్తున్నాయా అని చూడండి. తేడా చేసే ఇరుసు ఇక్కడే దొరుకుతుంది.

ఈ. ఆ చక్రాన్ని వేళ్లతో గట్టిగా పట్టి ఇరుసు మీద రవ్వంత తిప్పండి. కడ్డీ పెట్టి చూడండి. మళ్లీ రవ్వంత. ఓపిక పని, టీ పక్కన పెట్టుకోండి.

ఉ. కుదిరాక మాత్రమే చక్రం, ఇరుసు కలిసే చోట లాకింగ్ లిక్విడ్ ఒక బొట్టు. బేరింగ్ వైపు పాకకూడదు.

ఊ. చివరగా కాలిపర్‌తో చక్రాల లోపలి అంచుల మధ్య దూరం కొలవండి. హెచ్‌ఓకు 14.4 మి.మీ. దగ్గర ఉండాలి. చక్రం తిప్పుతూ లోపలికి నొక్కేస్తే క్వార్టరింగ్ కుదిరి, పాయింట్ల మీద పట్టాలు తప్పుతుంది.

కడ్డీ రంధ్రాన్ని పెద్దది చేసేస్తే పని అయిపోతుందని కొందరు సలహా ఇస్తారు. అవుతుంది, కానీ జబ్బు దాచినట్టే. అన్నీ అయ్యాక కూడా కొంచెం బిగుతుంటే, అప్పుడు 0.1 మి.మీ. పెంచండి. అంతకు మించొద్దు.

7. కరెంటు అందడం

చక్రాల వెనక ఆనే సన్నని ఫాస్ఫర్ బ్రాంజ్ పికప్ రేకులు చక్రాన్ని తాకుతున్నాయా? తాకాలి గానీ బ్రేకు వేసినట్టు ఒత్తకూడదు. చక్రాన్ని ఇటూ అటూ కదిపినా వదలకూడదు. నల్లబడితే ఆల్కహాల్. వైరు టంకం వదులుగా ఉంటే మళ్లీ పెట్టండి, కానీ ప్లాస్టిక్ దగ్గర ఐరన్‌ను రెండు సెకన్ల కంటే ఎక్కువ ఉంచకండి.

డీసీసీ (డిజిటల్ కంట్రోల్) డీకోడర్ పెట్టే ఆలోచన ఉంటే ఒక్కటే చూడండి: మోటారు రెండు కొసల్లో ఏదీ ఛాసిస్‌కు తగలకూడదు. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి చూసుకోండి. బీప్ వచ్చిందా, డీకోడర్ కాలిపోతుంది.

8. బిగించి నడిపించడం

కోచ్‌లు లేకుండా సగం వేగంలో ముందుకు అరగంట, వెనక్కి అరగంట. మధ్యలో మోటారు మీద వేలు పెట్టండి. వెచ్చగా ఉంటే సరే, వేలు పెట్టలేనంత ఉంటే మళ్లీ 6వ మెట్టుకు. చక్రాలు గిరగిరా తిరుగుతూ ఇంజన్ కదలకపోతే డ్రైవింగ్ చక్రాలకు ఉండే రబ్బరు రింగులు చూడండి. మన ఎండలకు అవి ఎండి వదులవుతాయి.

9. కోచ్‌లు

ఇంజన్ బాగై, వెనక కోచ్‌లు మలుపులో పడిపోతుంటే తిట్లు ఇంజన్‌కే పడతాయి. పాపం దాని తప్పేమీ లేదు.

బరువు: ఎక్కువగా వాడే లెక్క, హెచ్‌ఓలో 28 గ్రాములు, దానికి ప్రతి సెంటీమీటరు పొడవుకూ సుమారు 5.6 గ్రాములు కలపాలి. ఐసీఎఫ్ (చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) కోచ్ బాడీ 21.3 మీటర్లు, హెచ్‌ఓలో 24.5 సెం.మీ. లెక్క కడితే 165 గ్రాములు. చేత్తో చేసిన కోచ్‌లు దీంట్లో సగం కూడా తూగవు. టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కు వాడే అతికించే బరువులు తెచ్చి నేలకు, రెండు బోగీల పైన సమంగా పెట్టండి. పైకప్పుకు కాదు. ఎక్కుడు ఉన్న లైను మీద ఇంజన్ జారుతుంటే కోచ్‌కు ఇరవై ముప్పై గ్రాములు తగ్గించుకోవచ్చు.

బోగీలు: ఒక బోగీ స్క్రూను పక్కకు ఊగకుండా, కేవలం తిరిగేలా బిగించండి. రెండోదాన్ని తిరుగుతూ ఊగేలా వదలండి. రెండూ బిగిస్తే ఎగుడుదిగుడు పట్టా మీద ఒక చక్రం గాల్లో లేస్తుంది. రెండూ వదిలితే కోచ్ తాగినవాడిలా ఊగుతుంది. మూడు కాళ్ల పీట ఎక్కడ పెట్టినా కుదురుగా నిలబడుతుంది కదా, అదే సూత్రం.

చక్రాలు: ఐసీఎఫ్ చక్రం 915 మి.మీ., హెచ్‌ఓలో 10.5 మి.మీ. ఆ సైజు లోహపు చక్రాలు తయారుగా దొరుకుతాయి. ప్లాస్టిక్ చక్రాలు మురికిని పట్టాలన్నిటికీ పూస్తాయి, వీలైతే మార్చేయండి.

మలుపు: మీ పొడవాటి కోచ్‌కు కనీసం మూడు రెట్ల వ్యాసార్ధం ఉండాలి. 24.5 సెం.మీ. కోచ్‌కు 73 సెం.మీ. సెట్టుతో వచ్చే 36 సెం.మీ. మలుపులోనే నడపాలంటే కోచ్‌లను కలిపే కప్లింగ్‌ను బాడీకి కాకుండా బోగీకి బిగించండి. చూడ్డానికి బాగోదు, కానీ పడదు.

10. మన రైలులా కనబడాలంటే

విదేశీ కోచ్‌కు మెరూన్ రంగు వేస్తే మన కోచ్ అయిపోదు. కిటికీ ఊచలు ఉండాలి. అడ్డంగా వెళ్లే ఆ ఊచలే మన రైలు ముఖం. ఇంకా నడుస్తున్న ఐసీఎఫ్ కోచ్‌ను కాచిగూడలోనో సికింద్రాబాద్‌లోనో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఫోటో తీసుకుని ఊచలు లెక్కపెట్టండి. ఎమర్జెన్సీ కిటికీకి ఊచలు ఉండవు, అది మరిచిపోతే తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

ఊచలకు మల్టీస్ట్రాండ్ కరెంటు వైరులోంచి ఒక్కో పోగు తీసి, రెండు అద్దం ముక్కల మధ్య దొర్లిస్తే తిన్నగా వస్తుంది. ఫెవికాల్‌తో అతికించండి. సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి కిటికీ ప్లాస్టిక్ మీద తెల్లటి పొగ మరక పడుతుంది, పోదు.

కొత్తగా బాడీ చేసేవాళ్లు ముందు పాత శుభలేఖల అట్టతో నమూనా కోయండి. కొలత తప్పితే అట్ట పోతుంది, ఖరీదైన ప్లాస్టిక్ షీటు మిగులుతుంది.

టెండర్‌లో బొగ్గుకు ఇస్త్రీ బండి వాళ్ల దగ్గర గుప్పెడు బొగ్గులు అడగండి. దంచి, టీ జల్లెడతో 1 నుంచి 2 మి.మీ. ముక్కలు వేరుచేయండి. ఫెవికాల్, నీళ్లు సమంగా కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి డ్రాపర్‌తో పోయండి. ఆ చుక్క లేకపోతే జిగురు లోపలికి దిగదు, పైనే ముత్యంలా నిలబడుతుంది.

రంగు గురించి ఎక్కువ చెప్పను. ప్రైమర్, పల్చటి కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య ఆరనివ్వడం. వానాకాలం ముసురులో స్ప్రే వేస్తే తెల్లగా మబ్బు పడుతుంది. ఆ నెలల్లో క్వార్టరింగ్ చేసుకోండి.

11. గోడకు అంటించుకోవాల్సిన జాబితా

- మూలుగుతోంది, కదలట్లేదు: గ్రీజు, తర్వాత క్వార్టరింగ్
- చప్పుడే లేదు: డ్రాబార్, పికప్ రేకులు, బ్రష్షులు
- చుట్టుకొకసారి టిక్: చీలిన గేరు
- చుట్టుకొకసారి కుంటడం: ఒక ఇరుసు క్వార్టరింగ్ తప్పింది
- పాయింట్ల మీదే పడుతోంది: చక్రాల మధ్య దూరం
- మలుపులోనే పడుతోంది: కప్లింగ్, బోగీ స్క్రూ, కోచ్ బరువు
- కాసేపు నడిచి నెమ్మదిస్తోంది: కమ్యుటేటర్ సందులు, ఎక్కువైన నూనె

12. దాచిపెట్టడం

అటక మీద పెట్టకండి. మే నెలలో స్లాబు కింద వేడికి ప్లాస్టిక్ బాడీలు వంగిపోవడం నేను రెండుసార్లు చూశాను, ఒకటి నాదే. గదిలో కింది అరలో, చక్రాల మీద బరువు పడకుండా పక్కకు పడుకోబెట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. నెలకొకసారి తీసి ఐదు నిమిషాలు ముందుకూ వెనక్కీ నడపండి.